పాత కారులో లోపాన్ని గుర్తించే క్రమం: ఇంజను, విద్యుత్ వ్యవస్థలు

బెంగళూరులో స్థిరపడిన పావగడ తాలూకా తెలుగు కుటుంబాలలో పలువురికి కారు విలాస వస్తువు కాదు. పండుగకు, పొలం పనికి, ఊరిలోని పెద్దల వైద్యానికి ఏ వేళనైనా బయలుదేరడానికి అది ఒక ఆధారం. కొరటగెరె, మధుగిరి మీదుగా పావగడ చేరాలంటే 150 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. తాలూకా తుమకూరు జిల్లాకు చెందినదే అయినా దానిని మూడు వైపులా చుట్టుకొని ఉన్నది ఆంధ్రప్రదేశ్. రాతిగుట్టల నడుమ సాగే ఆ దారిలో రాత్రివేళ కారు నిలిచిపోతే సాయం దొరకడం సులభం కాదు. అందుచేత పాత కారు యజమానికి లోపాన్ని గుర్తించే పద్ధతి కొంతైనా తెలిసి ఉండటం పొదుపు కోసమే కాక క్షేమం కోసం కూడా అవసరం.

పాత కారుపై వృథా అయ్యే ధనంలో అధిక భాగం ఒకే అలవాటు వల్ల పోతుంది: లోపం ఎక్కడ ఉన్నదో తేలకముందే భాగాలు మార్చడం. బ్యాటరీ మార్చి చూడటం, అది కాకపోతే సెల్ఫ్ మోటారు, అదీ కాకపోతే డైనమో. చివరికి తుప్పు పట్టిన ఒక ఎర్త్ తీగ దగ్గర అసలు లోపం బయటపడుతుంది. ఈ పాఠం ఉద్దేశం పాఠకులను మెకానిక్కులుగా చేయడం కాదు. ఏ పరీక్ష తరువాత ఏ పరీక్ష చేయాలో, ఏ ఫలితం దేనిని సూచిస్తుందో తెలపడమే దీని లక్ష్యం.

1. లక్షణం వేరు, కారణం వేరు

"బండి స్టార్టు కావడం లేదు" అన్నది లక్షణం. దాని వెనుక పది కారణాలు ఉండవచ్చు. పెట్రోలు ఇంజను నడవడానికి నాలుగు అవసరాలు ఉన్నాయి: గాలి, ఇంధనం, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండరులో తగినంత ఒత్తిడి. వీటిలో ఏది లోపించినా ఇంజను నడవదు. కాబట్టి నిర్ధారణ అంటే ఊహించడం కాదు, ఈ నాలుగింటిలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా నిరూపించి పక్కన పెట్టడం. చివరికి మిగిలినదే లోపం.

ఈ పనికి మూడు నియమాలు ఉన్నాయి. మొదటిది, సులభమైన, ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టాలి. రెండవది, ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ఒకే రోజు ప్లగ్గులు, కాయిలు, ఫిల్టరు అన్నీ మారిస్తే కారు బాగుపడినా దేనివల్ల బాగుపడినదో తెలియదు. మూడవది, లోపం కనబడుతున్న క్షణంలోనే పరీక్ష చేయాలి. మూడవ నియమం ఎంత ముఖ్యమో వేసవి ప్రయాణాలు తెలుపుతాయి. దానిని మూడవ భాగంలో చూడవచ్చు.

2. తాళం తిప్పినప్పుడు ఏమి వినిపిస్తుంది?

స్టార్టు కాని కారు విషయంలో మొదటి సాక్ష్యం చెవికే అందుతుంది. హెడ్‌లైట్లు వేసి, తాళం తిప్పి, శబ్దాన్ని, వెలుగును కలిపి గమనించాలి.

టకటకమని వేగంగా శబ్దం వచ్చి లైట్లు మసకబారితే బ్యాటరీలో శక్తి చాలడం లేదు, లేదా టెర్మినల్ వద్ద పట్టు సరిగా లేదు. ఒకే ఒక్క "టక్" వినిపించి లైట్లు ప్రకాశవంతంగానే ఉంటే సెల్ఫ్ మోటారును, దాని సోలినాయిడును, అక్కడి తీగలను అనుమానించాలి. ఏ శబ్దమూ లేకపోతే తాళపు స్విచ్చి, సెల్ఫ్‌కు వెళ్లే చిన్న తీగ, ఫ్యూజు పరీక్షించాలి. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే బ్యాటరీ నిర్దోషి; ఇంధనం, నిప్పురవ్వల వైపు దృష్టి మళ్లించాలి.

ఈ ఒక్క పరిశీలనకు పైసా ఖర్చు లేదు. సగం అనుమానాలు ఇక్కడే తొలగిపోతాయి.

3. వేడెక్కి ఆగి, చల్లారి కదిలే కారు

మబ్బులేని ఆకాశం కారణంగానే పావగడ తాలూకాలో తిరుమణి పరిసరాలను సౌర విద్యుత్తుకు ఎంచుకున్నారు. సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సామర్థ్యంతో అక్కడ సౌర పార్కు వెలసింది. అదే ఎండ పాత ఇంజనుకు పరీక్షాకాలం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్బురేటరు ఉన్న పాత మారుతి 800 ఏప్రిల్ మధ్యాహ్నం మధుగిరి దాటిన తరువాత ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. అరగంట తరువాత ఏమీ జరగనట్లు కదులుతుంది. మరునాడు ఉదయం మెకానిక్కు చూసినప్పుడు ఏ లోపమూ కనబడదు. అతడు అనుభవాన్ని బట్టి ఏదో ఒక భాగాన్ని మారుస్తాడు. తరువాతి ప్రయాణంలో కారు మళ్లీ ఆగుతుంది. ఇక్కడ తప్పు మెకానిక్కు నైపుణ్యానిది కాదు. పరీక్ష జరిగిన వేళది. చల్లని ఇంజను ఈ లోపం గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు.

ఈ లక్షణానికి ప్రధానంగా మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనో పంపులోనో ఆవిరై బుడగలు కట్టడం. పంపు ద్రవాన్ని నెట్టగలదు కాని ఆవిరిని నెట్టలేదు. రెండు, వేడికి ఇగ్నిషన్ కాయిలు లోపలి చుట్టలు దెబ్బతిని నిప్పురవ్వ ఆగిపోవడం. మూడు, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయి, ట్యాంకులో శూన్యం ఏర్పడి ఇంధనం రాకపోవడం. మూడింటిలోనూ కాసేపు ఆగితే కారు కదులుతుంది. అందుకే లక్షణాన్ని బట్టి వీటిని వేరుచేయలేము. ఆగిన చోటనే చేసే మూడు పరీక్షలు మాత్రమే వేరుచేయగలవు.

కారును రోడ్డు అంచుకు చేర్చి, హెచ్చరిక లైట్లు వేసి, ప్రయాణికులను దూరంగా నిలిపిన తరువాత ఈ క్రమం పాటించాలి.

మొదట ట్యాంకు మూత తీయాలి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే కారు స్టార్టయి నడిస్తే మూత మార్చితే చాలు.

రెండవది, నిప్పురవ్వ పరీక్ష. దీనికి ఒక స్పేరు ప్లగ్గు దగ్గర ఉండాలి. ఒక సిలిండరు ప్లగ్గు తీగను ఊడదీసి స్పేరు ప్లగ్గుకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజను లోహానికి గట్టిగా ఆనేటట్లు అమర్చాలి. చేతితో పట్టుకోరాదు, ఆ విద్యుత్తు వేల వోల్టులది. మరొకరు సెల్ఫ్ కొట్టినప్పుడు నీలి రంగు రవ్వ చురుకుగా కనబడితే కాయిలు నిర్దోషి. రవ్వ లేకపోయినా, బలహీనంగా పసుపు రంగులో ఉన్నా కాయిలుతో పాటు డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, తీగలను చూడాలి. పెట్రోలు వాసన వస్తున్నచోట ఈ పరీక్ష ఎంతమాత్రం చేయరాదు.

మూడవది, ఇంధన పరీక్ష. తాళం తీసివేసి, ఎయిర్ ఫిల్టరు మూత తెరిచి, యాక్సిలరేటరు లీవరును చేతితో కదిపితే కార్బురేటరు గొంతులో పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. రవ్వ ఉండి, ధార లేకపోతే లోపం ఇంధన మార్గంలోనే ఉన్నది. పంపుపై తడిగుడ్డ కప్పిన కొద్దిసేపటికే కారు కదిలితే అది ఆవిరి బుడగల పనే. అప్పుడు పెట్రోలు గొట్టం ఎగ్జాస్టుకు దగ్గరగా పోతున్నదా, వేడిని అడ్డుకునే రేకు ఊడిపోయిందా అన్నది చూడాలి. వేడి ఇంజనుపై నీళ్లు గుమ్మరించడం మాత్రం ప్రమాదకరం. లోహం పగిలే అవకాశం ఉన్నది.

ఇంజెక్షన్ పద్ధతి గల కార్లలో ఇంధన పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేసిన రెండు మూడు సెకన్లు వెనుక సీటు వైపు నుండి సన్నని రొద వినబడాలి. రొద లేకపోతే పంపు ఫ్యూజు, రిలే ముందుగా పరీక్షించాలి. ఇటువంటి కార్లలో ప్లగ్గు తీగలను ఊడదీసి రవ్వ చూడటం ఎలక్ట్రానిక్ భాగాలకు హాని. ఆ పని వర్క్‌షాపుకు విడిచిపెట్టాలి.

4. రేడియేటరులో పోసే నీరు

పావగడ ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడు అధికమన్న సంగతి అక్కడి వారందరికీ తెలిసినదే. మనిషి ఎముకకు, పంటికి హాని చేసేది ఆ ఫ్లోరైడు. రేడియేటరుకు హాని చేసేది మాత్రం లోతైన బోరు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడి నీళ్ల పాత్ర అడుగున తెల్లగా కట్టే పొరే రేడియేటరు సన్నని గొట్టాలలోనూ కడుతుంది. దారిలో అవసరానికి ఒకసారి బోరు నీరు పోస్తే నష్టం లేదు. ఇల్లు చేరిన తరువాత దానిని తీసివేసి డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి నింపాలి. ఏళ్ల తరబడి బోరు నీటితోనే నడిచిన కారు వేడెక్కక మానదు.

ఇంజను ఎప్పుడు వేడెక్కుతుందో గమనిస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. నగరంలో ట్రాఫిక్కులో నిలిచినప్పుడు వేడెక్కి, హైవేపై చల్లబడితే ఫ్యాను, దాని ఫ్యూజు, ఉష్ణ స్విచ్చి అనుమానితులు. వేగంలో ఎదురుగాలే ఫ్యాను పని చేస్తుంది. నగరంలో బాగుండి హైవేపై, ఎత్తులో వేడెక్కితే రేడియేటరు పూడిక, కూలెంటు తగ్గుదల, నీటి పంపు అనుమానితులు. వేడెక్కుతున్నదని థర్మోస్టాట్ వాల్వును తీసి పారేయడం చాలా చోట్ల కనబడే అలవాటు. అది చికిత్స కాదు. ఇంజను తగిన వేడికి చేరక ఇంధన వ్యయం పెరుగుతుంది, అసలు లోపం మరుగున పడుతుంది. ఎంత తొందర ఉన్నా వేడిగా ఉన్న రేడియేటరు మూతను తెరవరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు ముఖంపైకి చిమ్ముతుంది.

5. విద్యుత్ వ్యవస్థ: ఊహకు బదులు కొలత

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు పాత కారు యజమానికి అత్యంత ఉపయోగకరమైన పరికరం. నాలుగు కొలతలు గుర్తుంచుకుంటే బ్యాటరీ, సెల్ఫ్, డైనమో, ఎర్త్‌లలో దోషి ఎవరో తేలుతుంది. గ్యారేజీలలో డైనమో అని పిలిచేది నిజానికి ఆల్టర్నేటరు.

మొదటి కొలత: కారు కొన్ని గంటలు విశ్రాంతిలో ఉన్న తరువాత బ్యాటరీ రెండు కొనల మధ్య సుమారు 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.2 ఉంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే ముందు చార్జి చేసి, ఆపైననే మిగిలిన పరీక్షలు చేయాలి.

రెండవ కొలత: సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజి సుమారు 9.6 కంటే కిందికి పోరాదు. చార్జి నిండుగా ఉన్నా పోతే బ్యాటరీ లోపల బలం తగ్గింది, లేదా సెల్ఫ్ మోటారు మితిమీరి విద్యుత్తు లాగుతున్నది.

మూడవ కొలత: ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 12.6 దగ్గరే నిలిచితే డైనమో చార్జి చేయడం లేదు. భాగం మార్చేముందు బెల్టు వదులైనదా, వెనుక తీగ ఊడినదా చూడాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడింది; బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోవడానికి, బల్బులు తరచుగా మాడిపోవడానికి అదే కారణం.

నాలుగవ కొలతను చాలామంది విడిచిపెడతారు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండవ కొనను ఇంజను శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఇంజనుకు, బాడీకి, బ్యాటరీకి మధ్య ఉన్న ఎర్త్ తీగలో తుప్పు అడ్డుపడుతున్నది. తీగ విప్పి, గరుకు కాగితంతో రెండు వైపులా లోహం మెరిసేవరకు రుద్ది, గట్టిగా బిగిస్తే చాలు. ఒక లైటు వేస్తే మరొకటి మసకబారడం, ఇండికేటరు వేస్తే వెనుక దీపాలన్నీ కొట్టుకోవడం వంటి వింతలు కూడా తరచుగా ఎర్త్ దోషాలే.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే ఏదో ఒక భాగం దొంగతనంగా విద్యుత్తు లాగుతున్నది. అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య ఆంపియర్ల కొలతలో మీటరును కలపాలి. సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు సహజం. ఎక్కువగా ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ మార్గంలో లోపం ఉన్నది. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టరాదు, మీటరు కాలిపోతుంది. వీధిలో చాలాకాలం నిలిపి ఉంచే కార్లలో ఎలుకలు కొరికిన తీగలు కూడా ఇటువంటి లోపానికి కారణం కావచ్చు.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర బిగించాలి. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడిని గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది.

6. ఫ్యూజు శత్రువు కాదు

ఫ్యూజు మాడిందంటే అది తన ధర్మం నెరవేర్చింది. రంగే దాని సామర్థ్యాన్ని తెలుపుతుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. మాడిన ఫ్యూజు స్థానంలో అంతే సామర్థ్యం గలదానిని ఒకసారి వేయవచ్చు. అదీ వెంటనే మాడితే ఆ మార్గంలో షార్టు ఉన్నది, వెతకాలి. పెద్ద ఫ్యూజు వేయడం, రాగి తీగ చుట్టడం, సిగరెట్టు పెట్టెలోని రేకు పెట్టడం వల్ల ఆ తరువాత మాడేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు కింది తీగల కట్ట. రిలే లేకుండా బిగించిన అధిక శక్తి లైట్లు, హారన్లు కూడా ఇదే ప్రమాదం తెస్తాయి. కారులో నిప్పు పుట్టడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

7. పొగ రంగు, ధ్రువపత్రం

ఎగ్జాస్టు పొగ ఇంజను ఆరోగ్యాన్ని తెలిపే సూచిక. నల్లని పొగ ఇంధనం ఎక్కువైనదని, లేదా ఎయిర్ ఫిల్టరు పూడుకున్నదని సూచిస్తుంది. నీలి పొగ ఇంజను ఆయిలు మండుతున్నదనడానికి గుర్తు. రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. చలి ఉదయం కనబడి పోయే తెల్లని ఆవిరి సహజం. వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లని పొగ వస్తూ కూలెంటు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్లు అనుమానించాలి. అటువంటి కారును నడపరాదు.

ప్లగ్గు కొన కూడా ఇదే విషయం చెబుతుంది. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి ఇంధనం అధికం. జిడ్డు తడి ఆయిలు. సున్నంలా తెలుపు అతి వేడి.

సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి నవీకరించుకోవాలి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కాబట్టి ఆ చివరి కార్లు కూడా 2029లో ఈ గడువుకు చేరుతాయి. కాలుష్య ధ్రువపత్రం బీఎస్‌-4కు ముందు కాలపు కార్లకు ఆరు నెలలే చెల్లుతుంది. పొగ పరీక్షలో తప్పినప్పుడు సర్టిఫికెట్టు కోసం అడ్డదారి వెతకడం కంటే పైన చెప్పిన రంగులను బట్టి లోపం వెతకడం ఇంటికీ, వీధికీ మేలు.

8. మెకానిక్కుకు ఏమి చెప్పాలి?

పావగడలో గ్యారేజీ భాష తెలుగు, మధుగిరిలో కన్నడం, బెంగళూరులో అయిదారు భాషల కలయిక. అయినా ప్లగ్గు, కాయిలు, సెల్ఫ్, బెల్టు అన్ని చోట్లా అవే మాటలు. కావలసినది భాష కంటే స్పష్టమైన వివరం.

"బండి బాగాలేదు, చూడండి" అనడం కంటే ఒక చిన్న పుస్తకంలో అయిదు విషయాలు రాసి చూపడం మేలు: లోపం ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా, ఏ వేగంలో, దానికి ముందు ఏ పని జరిగింది, ఇంతవరకు చేసిన పరీక్షల ఫలితం ఏమిటి. "వేడిగా ఉన్నప్పుడు ఆగింది, రవ్వ ఉన్నది, పెట్రోలు ధార లేదు" అన్న ఒక్క వాక్యం మెకానిక్కుకు అర పూట శ్రమ తగ్గిస్తుంది. భాగం మార్చే ముందు "ఏ పరీక్షను బట్టి ఇది చెడినదని తేలింది?" అని మర్యాదగా అడగటం యజమాని హక్కు. మార్చిన పాత భాగాన్ని తిరిగి తీసుకోవడం కూడా మంచి అలవాటు.

బ్రేకులు, స్టీరింగు, ఇంధనం కారడం, తీగలు కాలుతున్న వాసన విషయంలో మాత్రం స్వయంగా ప్రయత్నించరాదు. కారును ఆపి, టోయింగు వాహనాన్ని పిలవాలి. దారిలో ప్రమాద స్థితి ఏర్పడితే 112కు ఫోను చేయాలి.

అభ్యాసం

1. ఉదయం సెల్ఫ్ టకటకమంటున్నది. బ్యాటరీ కొనల మధ్య 12.6 వోల్టులు ఉన్నాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా బ్యాటరీ వద్ద 12కు తగ్గలేదు. బ్యాటరీ కొనాలా?
జవాబు: అక్కరలేదు. బ్యాటరీలో శక్తి ఉన్నది, అది సెల్ఫ్‌కు చేరడం లేదు. టెర్మినళ్లు, ఎర్త్ తీగ, సెల్ఫ్ తీగల పట్టు పరీక్షించాలి.

2. నగరంలో సిగ్నళ్ల వద్ద సూది ఎరుపు వైపు పోతున్నది, హైవేపై మధ్యకు దిగుతున్నది. మొదట ఏది చూడాలి?
జవాబు: రేడియేటరు ఫ్యాను తిరుగుతున్నదా లేదా. తిరగకపోతే ఫ్యూజు, స్విచ్చి, మోటారు వరుసగా చూడాలి.

3. ఎండలో ఆగిన కార్బురేటరు కారులో నిప్పురవ్వ లేదు, పెట్రోలు ధార ఉన్నది. పంపు మార్చాలా?
జవాబు: వద్దు. ఇంధనం అందుతున్నది. కాయిలు, డిస్ట్రిబ్యూటరు వైపు పరీక్షించాలి. అదీ ఇంజను చల్లారకముందే.